ఎడారి చీమ కాలులో 658 అక్షరాలు

జైసల్మేర్ చుట్టుపక్కల ఇసుక మీద, మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకు బయట తిరిగే చీమ కనిపిస్తే అది కాటగ్లిఫిస్ అని దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు. పొడవాటి కాళ్లు, ఆగి ఆగి పరుగు, మిగతా చీమలన్నీ గూళ్లలో తలదాచుకున్న వేళ ఎండకు మాడి చచ్చిన పురుగుల్ని ఏరుకునే అలవాటు. ప్రజాతి దాకా ఇబ్బంది లేదు. జాతి పేరు దగ్గరే చిక్కంతా. ఒకే గూటిలో చిన్న పనిచీమలూ పెద్ద పనిచీమలూ కలిసి ఉంటాయి. పెద్దదాని తల కొలతలు వేరు, ఒక్కోసారి రంగూ వేరు. పాత వర్ణనలు చూద్దామంటే, వాటిలో చాలావాటిని పందొమ్మిదో శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్ చీమల శాస్త్రవేత్త ఫోరెల్ లాంటివాళ్లు యూరప్‌లో కూర్చుని, ఇక్కడి నుంచి ఎవరో పంపిన కొద్దిపాటి ఎండు చీమల్ని చూసి రాశారు. ఫోరెల్ మూల నమూనాలు చాలావరకు ఇప్పటికీ జెనీవా మ్యూజియంలోనే ఉన్నాయి. వెంట్రుకలు ఎన్ని, నూగు ఎంత అన్న మాటల మీద నడిచే ఆ వర్ణనలతో, ఇసుకలో దొర్లి దొర్లి వెంట్రుకలు రాలిపోయిన చీమను పోల్చడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

డీఎన్‌ఏ బార్‌కోడ్ పనికొచ్చేది ఇక్కడే. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు మొదటి భాగంలో 658 డీఎన్‌ఏ అక్షరాల (ఏ, టీ, జీ, సీ) ముక్కను చదివి జాతుల్ని విడదీయొచ్చని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. 2005కల్లా మడగాస్కర్ చీమల మీద దాన్ని ప్రయోగించి చూశారు. ఇప్పుడు చీమల పనిలో ఇది రోజువారీ సాధనం. అయితే ఎడారి చీమల విషయంలో ఒక మాట ముందే చెప్పుకోవాలి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి బార్‌కోడ్ చెప్పేది తల్లి వంశాన్ని. చాలా చీమల్లో తల్లి వంశం తెలిస్తే జాతి తెలిసినట్టే. ఎడారిలో బాగా కనిపించే కొన్ని గుంపుల్లో మాత్రం ఆ రెండూ వేరువేరు దారులు పడతాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ ఒక్క కారణం వల్లే.

ముందు సేకరణ. ల్యాబ్‌లో జెల్ మీద డీఎన్‌ఏ గీత (బ్యాండ్) రానప్పుడు అందరూ పీసీఆర్‌ను, అంటే డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే రియాక్షన్‌ను, తిడతారు గానీ, ఎడారి నమూనాల్లో తప్పు ఎక్కువగా సేకరించిన రోజునే జరిగిపోయి ఉంటుంది. ఇథనాల్ 95 శాతానికి తగ్గకూడదు. మందుల షాపు శానిటైజర్‌లో ఆల్కహాల్ చాలదు, పైగా గ్లిసరిన్ కలిసి ఉంటుంది. హార్డ్‌వేర్ షాపు స్పిరిట్‌లో ఇంకేవేవో కలుపుతారు. రెండూ వద్దు. అసలు సరుకుకు ఎక్సైజ్ పర్మిట్ కావాలి కాబట్టి బయల్దేరడానికి నెల ముందే ఆ పని చూసుకోండి. కొలత ఏమిటంటే చీమలు ఒక వంతు ఉంటే ద్రవం పది వంతులు. 2 మిల్లీలీటర్ల ట్యూబులో పెద్ద కాటగ్లిఫిస్‌లు పదికి మించి వేయొద్దు. కారణాలు రెండు. చీమ ఒంట్లోని నీరు దిగి ఇథనాల్ పలచబడుతుంది. రెండోది, కాటగ్లిఫిస్, కాంపోనోటస్ లాంటి ఫార్మిసినే ఉపకుటుంబపు చీమల పొట్టలో ఫార్మిక్ ఆమ్లం సంచి ఉంటుంది. కుక్కి నింపితే ఆ ఆమ్లమంతా ట్యూబులోకి దిగి డీఎన్‌ఏను కొరుకుతుంది. అందుకే 24 గంటల తర్వాత పాత ద్రవం ఒంపేసి కొత్తది పోయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మూతకు లోపల రబ్బరు రింగు ఉన్న ట్యూబులే తీసుకోండి. మామూలు మూతలైతే ఆ వేడికి వారంలో సగం ద్రవం ఆవిరైపోతుంది.

ట్యూబుల పెట్టెను కారు డ్యాష్‌బోర్డు మీద వదలకూడదని వేరే చెప్పక్కర్లేదు. తడి గోనెసంచి చుట్టి నీడలో పెడితే చాలు. థార్ పొడిగాలికి కూజాలో నీళ్లు చల్లబడినట్టే పెట్టె కూడా చల్లబడుతుంది. ఊరు చేరగానే ఫ్రీజర్‌లోకి, మైనస్ 20 డిగ్రీలకు.

పట్టుకోవడం ఇంకో విద్య. సహారా వెండి చీమ సెకనుకు 85 సెంటీమీటర్ల దాకా పరుగెత్తుతుందని కొలిచారు. దాని దాయాదుల వెంట ఫోర్సెప్స్ పట్టుకుని పరుగెత్తడం దండగ. కాస్త బిస్కెట్ పొడి చల్లి కూర్చోండి. ముక్క దొరికిన చీమ వంకరటింకరగా తిరగడం మానేసి తిన్నగా ఇంటి దారి పడుతుంది. దాని వెనకే వెళ్తే గూటి ద్వారం దొరుకుతుంది. అక్కడ ఇథనాల్‌లో ముంచిన సన్నటి పెయింట్ బ్రష్‌తో తాకితే చీమ బ్రష్‌కు అంటుకుని వచ్చేస్తుంది. నోటితో పీల్చే ఆస్పిరేటర్ కాటగ్లిఫిస్‌కు వాడొద్దు. ఆమ్లపు ఆవిరి నేరుగా గొంతులోకి పోతుంది. తప్పదంటే రబ్బరు బల్బు బిగించింది వాడండి. గింజలు మోసే మెస్సర్‌ల కోసమైతే పొద్దున్నే, లేదా ఎండ వాలాక రావాలి. వాటి ద్వారం చుట్టూ ఊక, గింజల పొట్టు కుప్పగా ఉంటుంది కాబట్టి గూడు వెతకడం తేలిక. కాంపోనోటస్‌లకు రాత్రి, తలలైటుతో.

ఒక్కో గూటి నుంచి 12 నుంచి 15 పనిచీమలు తీసుకోండి. అందులో కంటికి కనబడే పెద్దదీ చిన్నదీ రెండూ ఉండాలి. రాణి గానీ మగ చీమ గానీ దొరికితే వదలొద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. గూటికో నంబరు, ఆ నంబరు ట్యూబు లోపలి కాగితం మీద పెన్సిల్‌తో. మార్కర్ రాత ఇథనాల్ తగలగానే కరిగిపోతుంది, ట్యూబు బయట రాసింది ఏదీ నమ్మొద్దు. అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో, ఐదు స్థానాల దాకా. టైము, నేల రకం, ఇసుకతిన్నెనా రాతినేలా ఉప్పు చవుడా అన్నది కూడా. గుంతలో కప్పు పాతిపెట్టే ఉచ్చులు ఎడారిలో మరీ అంత ఉపయోగం కావు. ఇసుక జారి కప్పు నిండిపోతుంది, నీళ్లలాంటి ద్రవాలు ఒక్కరోజులో ఎండిపోతాయి. పెట్టక తప్పకపోతే ఇథిలీన్ గ్లైకాల్ వద్దు, ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి మూడు రోజుల్లో తీసేయండి. అలా వచ్చిన చీమకు గూటి నంబరు ఉండదు. నా లెక్కలో అది సగం నమూనానే.

అనుమతుల మాట క్లుప్తంగా. ఎడారి జాతీయ ఉద్యానంలో అడుగుపెట్టి చీమను తీయాలన్నా రాజస్థాన్ అటవీ శాఖ అనుమతి కావాలి. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) కోసమైనా సరే నమూనాలు దేశం దాటాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను ముందు అడగాలి. విమానంలో పంపేటప్పుడు ఇథనాల్ ట్యూబు ఒక్కోటి 30 మిల్లీలీటర్లకు, మొత్తం పెట్టె లీటరుకు మించకూడదు.

ల్యాబ్‌కు వచ్చాక మొదటి ప్రశ్న: చీమలో ఏ భాగం? కాటగ్లిఫిస్, మెస్సర్, కాంపోనోటస్ సైజు చీమకు ఒక్క కాలు చాలు. ఎప్పుడూ ఒకే పక్కది తీయండి, కుడి నడిమి కాలు అని ఒకసారి అనుకుంటే ఇక అదే. రెండో పక్క చెక్కుచెదరకుండా ఉండాలి, కొలతలు అక్కడే తీసుకుంటారు. పొట్ట జోలికి మాత్రం పోవద్దు. ఆమ్లం సంగతి అలా ఉంచండి, కాటగ్లిఫిస్ తినేదే చచ్చిన పురుగుల్ని. పొట్ట నలిపారంటే పొద్దున అది తిన్న ఈగ సీఓఐ మీ ప్రైమర్లకు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు) దొరుకుతుంది. సీక్వెన్స్ శుభ్రంగా వస్తుంది, డేటాబేస్ దాన్ని ఈగ అంటుంది.

రెండు మిల్లీమీటర్ల మోనోమోరియం లాంటి చీమకు కాలు చాలదు. దాన్ని నలపకుండా మొత్తంగా వాడాలి. సన్నటి మైక్రోపిన్నుతో కాలు మొదలు దగ్గర ఛాతీ పక్కన ఒక్క పోటు పొడిచి, చీమను అలాగే ద్రవంలో వేయడమే. 5 శాతం చెలెక్స్ (సన్నటి రెసిన్ గుళికలున్న ద్రవం) 150 మైక్రోలీటర్లు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ప్రొటీనేజ్ కె 5 మైక్రోలీటర్లు, 56 డిగ్రీల దగ్గర రాత్రంతా. ప్రొటీనేజ్ లోపలి మెత్తటి కండను కరిగిస్తుంది గానీ పెంకును ముట్టుకోదు. పొద్దున చీమను బయటికి తీసి ఇథనాల్‌లో కడిగి పిన్నుకు ఎక్కించాలి. ద్రవాన్ని 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని మాత్రమే తీసుకోవాలి. చీమను తీయకుండానే ట్యూబును 95 డిగ్రీల్లో పెట్టేయడం కొత్తవాళ్లు చేసే తప్పు. చీమ ఉడికి కీళ్లు ఊడిపోతాయి, ఆపైన పిన్నుకు ఎక్కించడానికి ఏమీ మిగలదు. చెలెక్స్ గుళికలు ఒక్క రెండు పీసీఆర్‌లోకి జారినా అవి ఎంజైమ్‌కు కావాల్సిన మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయి, రియాక్షన్ చచ్చిపోతుంది. బ్యాండ్ రాకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

పీసీఆర్‌కు 12.5 మైక్రోలీటర్లు సరిపోతుంది. 10 శాతం ట్రెహలోజ్ 6.25, నీళ్లు 2, పదింతల బఫర్ 1.25, 50 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 0.625, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 0.125, 10 మిల్లీమోలార్ డీఎన్‌టీపీ 0.0625, టాక్ ఎంజైమ్ 0.06, చివర డీఎన్‌ఏ 2. ఇంత చిన్న కొలతల్ని ట్యూబుకో చుక్క చొప్పున పోయలేం కాబట్టి వంద రియాక్షన్లకు ఒకేసారి కలిపి పంచుకోవాలి. ట్రెహలోజ్ ఎంజైమ్‌కు కవచంలా పనిచేస్తుంది, మలినాలున్న డీఎన్‌ఏతో కూడా రియాక్షన్ నడుస్తుంది. ప్రైమర్లుగా ముందు లెప్‌ఎఫ్1, లెప్‌ఆర్1 జంట. రాకపోతే 1994 నాటి ఫోల్మర్ జంట, ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198. ఉష్ణోగ్రతలు ఇలా: 94 డిగ్రీల్లో ఒక నిమిషం, తర్వాత ఐదు చక్రాలు 94, 45, 72, ఆ తర్వాత 35 చక్రాలు 94, 51, 72, చివర 72 దగ్గర ఐదు నిమిషాలు. మొదటి ఐదు చక్రాల్లో 45కి దించడం ప్రైమర్ పూర్తిగా సరిపోలని చీమల కోసం. జెల్ మీద ఒకే బ్యాండ్, ప్రైమర్లతో కలిపి సుమారు 710 దగ్గర రావాలి. పాత మ్యూజియం పిన్నుల నుంచి అంత పొడవు ఆశించొద్దు. వాటికి మధ్యలో అతుక్కునే ఎంలెప్‌ఎఫ్1 వాడి 407 అక్షరాల ముక్క తీయడం మేలు.

ఏమీ రాకపోతే డీఎన్‌ఏను ఇంకా పోయాలనిపిస్తుంది. అందుకు ఎదురు చేయండి, పదింతలు పలచన చేసి చూడండి. ముదురు రంగు చీమల్లో రియాక్షన్‌ను అడ్డుకునేది ఎక్కువగా డీఎన్‌ఏతో పాటు వచ్చిన మలినమే. 96 గుంటల ప్లేట్‌లో ఒక గుంట ఎప్పుడూ నీళ్లకు వదలాలి. అది ఏ గుంటో రాసి ఉంచుకుంటే, ప్లేట్ తిరగబడి పెట్టినా వెంటనే పట్టుబడుతుంది.

సీక్వెన్సింగ్ రెండు దిక్కుల నుంచీ చేయించండి. చీమల సీఓఐ నిండా ఏ, టీ అక్షరాలే. ఎనిమిది తొమ్మిది టీలు వరుసగా వచ్చిన చోట, ఒక్కో నమూనాను విడిగా చదివే సాంగర్ పద్ధతి తడబడుతుంది. అక్కడి నుంచి గ్రాఫులో అక్షరానికొకటిగా వచ్చే శిఖరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గజిబిజి అవుతాయి. అవతలి దిక్కు నుంచి చదివింది ఉంటే ఆ సగం బతికిపోతుంది. నమూనాలు వందల్లో ఉంటే ప్రతి ప్రైమర్‌కూ 13 అక్షరాల ట్యాగ్ తగిలించి అన్నీ కలిపి నానోపోర్ సీక్వెన్సర్ మీద నడపడం ఇప్పుడు చవక. అక్కడా టీల వరుసల్లో అక్షరం జారిపోతుంది గానీ, అది ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువు కాబట్టి జారింది ఎక్కడో తెలిసిపోతుంది.

అలా జారిందేమో చూసే పరీక్షను ఎవరూ దాటవేయకూడదు. రెండు చివర్లా ప్రైమర్ అక్షరాలు, 25, 26, కోసేయండి. మిగిలిన 658లో మొదటి అక్షరం వదిలి రెండోదాని నుంచి మూడేసి చొప్పున చదివితే 219 అమైనో ఆమ్లాలు రావాలి, మధ్యలో ఆగకుండా. చదివేటప్పుడు అకశేరుక మైటోకాండ్రియా పట్టిక, అంటే 5వ నంబరు, ఎంచుకోండి. మామూలు పట్టికతో చదివితే టీజీఏ వచ్చిన ప్రతిచోటా ఆగినట్టు కనిపించి అనవసరంగా కంగారు పడతారు. సరైన పట్టికలోనూ మధ్యలో ఆగిందంటే, లేదా ఒకటి రెండు అక్షరాలు తప్పిపోయాయంటే, మీ చేతిలో ఉన్నది అసలు జన్యువు కాకపోవచ్చు. ఎప్పుడో కేంద్రకంలోకి దూరి పాడుబడిన దాని నకలు కావచ్చు. చీమల్లో ఇది అరుదేమీ కాదు. శిఖరాలు చాలా చోట్ల జంటగా కనిపించడం దాని మొదటి గుర్తు. ఇంకో దొంగ వోల్‌బాకియా. చీమ ఒంట్లో బతికే ఈ బాక్టీరియాకూ సీఓఐ లాంటి జన్యువే ఉంది, ఒక్కోసారి ప్రైమర్లు దాన్నే పట్టుకుంటాయి. డేటాబేస్‌తో పోల్చే బ్లాస్ట్ ప్రోగ్రాంలో వేస్తే ఒక నిమిషంలో బయటపడుతుంది.

శుభ్రమైన సీక్వెన్స్ వచ్చింది. ఇప్పుడు పేరు. బోల్డ్, జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్స్ డేటాబేసుల్లో వెతికితే 98 శాతం పోలిక అని ఏదో ఒక పేరు వస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరు, వోచర్ (దాచిపెట్టిన అసలు నమూనా) ఉందా, ఫొటో ఉందా అని చూడకుండా నమ్మొద్దు. థార్ చీమల రిఫరెన్స్‌లు ఇంకా అక్కడక్కడే ఉన్నాయి, దగ్గరి పోలిక దొరకడమంటే సరైన పేరు దొరికినట్టు కాదు. లెక్క చూడండి: 658లో 2 శాతం అంటే 13 అక్షరాల తేడా, 3 శాతం అంటే 20. ఈ గీతలు ఎవరో సౌకర్యానికి గీసుకున్నవి. కాటగ్లిఫిస్‌లో కొన్ని జాతుల రాణులకు రెక్కలు పొట్టివి, ఎగరలేవు. కొన్ని పనిచీమల్ని వెంటబెట్టుకుని నడిచి వెళ్లి పక్కనే కొత్త గూడు పెడతాయి. మగ చీమలు మాత్రం ఎగిరిపోతాయి. అలాంటి చోట తల్లి వంశం ఊరు కదలదు, తండ్రి జన్యువులు ఊరూరూ తిరుగుతాయి. దూరంగా ఉన్న రెండు తిన్నెల మధ్య బార్‌కోడ్ తేడా నాలుగైదు శాతం చూపించినా అది ఒకే జాతి కావచ్చు. కొత్త జాతి దొరికిందని ఎగిరి గంతేసేవాళ్లు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే.

దీనికన్నా లోతైన గొయ్యి ఇంకోటి ఉంది. అమెరికా నైరుతి ఎడారుల్లో, ఆరిజోనా, న్యూ మెక్సికోల వైపు, పోగోనోమిర్మెక్స్ అనే గింజల చీమ ఉంది. అందులో కొన్ని చోట్ల జే1, జే2 అని రెండు వంశాలు పక్కపక్కనే బతుకుతాయి. జే1 రాణి రెండు వంశాల మగవాటితోనూ జతకడుతుంది. సొంత వంశం మగదానితో పుట్టినవి రాణులవుతాయి, అవతలి వంశం మగదానితో పుట్టినవి పనిచీమలవుతాయి. అంటే పనిచీమలన్నీ సంకరమే. కానీ ఆ గూటిలో ఏ పనిచీమ కాలు తెంపినా బార్‌కోడ్ జే1 అనే చెబుతుంది, పక్క గూటిలో జే2 అంటుంది. కాలు ఒక్కటే చూసినవాడికి అవి రెండు వేరువేరు జాతులు. కొన్ని కాటగ్లిఫిస్‌లలోనూ ఇలాంటి తంతే. స్పెయిన్‌లోని కాటగ్లిఫిస్ హిస్పానికాలో 2012లో చూపించారు: రాణులు తమ నకళ్లుగా రాణుల్ని కంటాయి, పనిచీమల్ని మాత్రం రెండు వంశాల సంకరంగా కంటాయి. మెస్సర్‌లది ఇంకా విచిత్రం. దక్షిణ యూరప్‌లోని మెస్సర్ ఐబెరికస్ రాణి తన గుడ్ల నుంచి మెస్సర్ స్ట్రక్టర్ అనే వేరే జాతి మగ చీమల్ని కంటోందని 2025లో తేలింది. ఆ మగవాటి కేంద్రకం ఒక జాతిది, మైటోకాండ్రియా ఇంకో జాతిది. బార్‌కోడ్ అడిగితే తప్పు పేరు చెబుతుంది, అదీ పూర్తి నమ్మకంతో.

కాబట్టి కాటగ్లిఫిస్, మెస్సర్ గూళ్లు ఒకే మైదానంలో రెండు బార్‌కోడ్ గుంపులుగా విడిపోతే తొందరపడొద్దు. ప్రతి గుంపులో ఐదారు గూళ్ల నుంచి పనిచీమల్ని తీసి కేంద్రక జన్యువు ఏదైనా చదవండి. వింగ్‌లెస్, లాంగ్‌వేవ్ రోడాప్సిన్ రెండింటికీ చీమల ప్రైమర్లు ఉన్నాయి. రెండు గుంపులూ నిజంగా వేరైతే కేంద్రకంలోనూ విడిగానే కనిపిస్తాయి. అలా కాకుండా గుంపుల్ని వేరు చేసే అక్షరాల దగ్గర ప్రతి పనిచీమలోనూ జంట శిఖరాలు, రాణుల్లో మాత్రం ఒంటరి శిఖరాలు వస్తే అది సంకర వ్యవస్థ. రాణిని వదలొద్దని పైన చెప్పింది ఇందుకే. ఇవి మామూలు ప్రైమర్లతో తేలకపోతే యూసీఈలకు (జీనోమ్‌లో పెద్దగా మారని ముక్కల్ని వందల్లో ఒకేసారి చదివే పద్ధతికి) వెళ్లాలి, ఖర్చు పెరుగుతుంది.

ఇన్ని చిక్కులున్నా బార్‌కోడ్‌కు సాటిలేని చోటు ఒకటుంది, మగ చీమల్ని పనిచీమలతో కలపడం. తొలి వానల తర్వాత రాత్రి తెల్లబట్ట వెనక దీపం పెడితే రెక్కల మగ చీమలు వచ్చి వాలతాయి. వాటి రూపానికీ పనిచీమ రూపానికీ పోలికే ఉండదు. డోరిలస్‌ది అయితే మగది పెద్ద కందిరీగలా ఉంటుంది, పనిచీమ గుడ్డిది, ఎక్కువగా నేలలోనే ఉంటుంది. ఆకారం చూసి ఆ రెండింటినీ ఎవరూ జతపరచలేరు. 658 అక్షరాలు ఒక్కసారిలో జతపరుస్తాయి.

చివరగా వోచర్. సీక్వెన్స్ ఇచ్చిన చీమనే త్రికోణపు అట్ట కొసకు నీటిలో కరిగే జిగురుతో అంటించాలి, జిగురు కాళ్ల మొదళ్ల మధ్య మాత్రమే పడాలి. మెస్సర్ అయితే అంటించే ముందు గడ్డం కింది వెంట్రుకల బుట్టలో ఇరుక్కున్న ఇసుకను బ్రష్‌తో కడిగేయండి, లేకపోతే ఆ వెంట్రుకలు కనిపించవు. అదే గూటి పెద్ద చీమ, చిన్న చీమ పక్క పిన్నుల మీద ఉండాలి. పేరు తేలనిదాన్ని తేలలేదనే రాయండి: కాటగ్లిఫిస్ జాతి, థార్01, అంతే. నమూనాలను జోధ్‌పూర్‌లోని భారత జంతుశాస్త్ర సర్వే ఎడారి కేంద్రం లాంటి చోట జమ చేసి ఆ నంబరును బోల్డ్ రికార్డులో ఎక్కించండి. పిన్ను మీద స్థలం లేబుల్ కింద రెండో లేబుల్ ఒకటి: బోల్డ్ నంబరు, దాని పక్కన "కుడి నడిమి కాలు డీఎన్‌ఏకు తీశారు" అని. ఆ ముక్క రాయకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని చూసేవాళ్లు ఊడిపోయిన కాలు కోసం డబ్బా అడుగంతా వెతుకుతారు.